బెస్సీ స్మిత్ - సమాధికి రాయి లేని మహారాణి

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో చట్టనూగా అనే ఊరుంది. అక్కడ ఒక పేద నల్లజాతి ఇంట్లో 1894లో బెస్సీ స్మిత్ పుట్టింది. చిన్నప్పుడే నాన్న పోయాడు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి అమ్మ కూడా పోయింది. అక్క వయోలా ఊళ్లోవాళ్ల బట్టలుతికి అందరినీ సాకింది. బెస్సీ వీధి మూలన నిలబడి పాడేది, సోదరుడు ఆండ్రూ గిటార్ వాయించేవాడు. జనం చిల్లర వేసేవాళ్లు.

1912లో అన్న క్లారెన్స్ ఆమెను ఊరూరా తిరిగే ఆటగాళ్ల బృందంలో చేర్పించాడు. పాడటానికి కాదండోయ్, డాన్సుకి! పాడటానికి అక్కడ అప్పటికే మా రెయినీ అనే గొప్ప గాయని ఉంది.

వాళ్లు పాడేది బ్లూస్. నల్లజాతివాళ్లు తమ కష్టాల్ని చెప్పుకున్న పాట అది. మొదటి వాక్యం రెండుసార్లు పాడి, మూడో వాక్యంతో జవాబు చెబుతారు. పీపాల్లోంచి సారా పోసి అమ్మే దుకాణాల్లో పియానో మీద కూడా ఇదే వాయించేవాళ్లు. ఎడమ చెయ్యి డప్పులాగా దంచుతుంటే కుడి చెయ్యి రాగం తీసేది. తాగినోళ్ల గోలలో వినబడాలి కదా! ఆ దుకాణాల పేరు మీదే దాన్ని బారెల్‌హౌస్ పియానో అన్నారు. బెస్సీ గొంతు కూడా అంత బలమైనదే. గుడారాల్లో మైకు లేకుండా చివరి మనిషి దాకా వినబడేది. మనం ప్రార్థనలో పాడితే రెండో వరసకే వినబడదు.

1923లో కొలంబియా కంపెనీ ఆమె మొదటి రికార్డు తెచ్చింది. ఆరు నెలల్లోపే సుమారు 7,80,000 అమ్ముడుపోయాయంటారు. కానీ ఆమెకు పాటకింత అని ఒకసారి ఇచ్చిందే, అమ్మకంలో వాటా లేదు. ఇది నాకు చాలా అన్యాయం అనిపించింది. అయినా ప్రదర్శనల మీద బాగా సంపాదించింది. నల్లవాళ్లకు హోటళ్లలో గది ఇవ్వని రోజులవి. అందుకని 1925లో తన బృందం కోసం సొంతంగా ఒక రైలు పెట్టెనే చేయించుకుంది!

1929 తర్వాత కరువు కాలం వచ్చి రికార్డులు కొనేవాళ్లు తగ్గిపోయారు. 1937 సెప్టెంబరు 26న మిసిసిపీలో కారు ప్రమాదంలో ఆమె చనిపోయింది. తెల్లవాళ్ల ఆస్పత్రిలో చేర్చుకోలేదని చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదు. ఆమెను నేరుగా నల్లవాళ్ల ఆస్పత్రికే తీసుకుపోయారు. ఆస్పత్రులు వేరువేరుగా ఉన్నమాట మాత్రం నిజం.

అంత్యక్రియలకు ఫిలడెల్ఫియాలో వేలమంది వచ్చారు. సమాధికి మాత్రం రాయి పెట్టినవాళ్లు లేరు. 1970 ఆగస్టులో ఇద్దరు చెరిసగం డబ్బేసి పెట్టించారు. ఒకరు గాయని జానిస్ జాప్లిన్. రెండోవారు జువానిటా గ్రీన్. ఈమె చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో శనివారాలు వంటగది నేల తుడిచేది. ఒకసారి పిల్లల పోటీలో పాడితే బెస్సీ విని, నీకు పాట రాదు, బడి మానకుండా చదువుకో అని మొహం మీదే చెప్పిందట. జువానిటా చదువుకుని నర్సు అయింది.