పుస్తకాల కోసం మంచుకొండలు ఎక్కిన రాహుల్‌జీ

'ఓల్గా నుంచి గంగకు' పుస్తకం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అది రాసిన రాహుల్ సాంకృత్యాయన్ గారి జీవితం కథకంటే ఏం తక్కువ కాదు. నాకు తెలిసినకాడికి రాస్తున్నాను.

ఆయన 1893 ఏప్రిల్ 9న ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లాలో, అమ్మమ్మగారి ఊరు పందహాలో పుట్టారు. అసలు పేరు కేదార్‌నాథ్ పాండే. చిన్నప్పుడే దేశం చూడాలని ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. కాలేజీ డిగ్రీ ఏదీ లేదు. అయినా సంస్కృతం, పాళీ, టిబెటన్ భాషల్లో పెద్ద పండితుడయ్యారు.

1926లో లడఖ్ చూశారు. తర్వాత శ్రీలంకలో బౌద్ధ గ్రంథాలు చదివారు. మన దేశంలో పుట్టిన బౌద్ధ గ్రంథాలు చాలామటుకు ఇక్కడే లేకుండా పోయాయి, టిబెట్ మఠాల్లో మాత్రం భద్రంగా ఉన్నాయి. ఇక ఆయన ఆగలేదు.

అప్పట్లో భారతీయులను టిబెట్‌లోకి అంత సులువుగా రానిచ్చేవారు కాదు. 1929లో శివరాత్రి యాత్రికులతో కలిసి నేపాల్ చేరి, అక్కడినుంచి బిచ్చగాడి వేషంలో కనుమలు దాటారు. ఆ దారుల్లో దొంగలు ముందు మనిషిని చంపి, ఆ తర్వాతే డబ్బుందో లేదో చూసేవాళ్ళట! ఎవరి మీదైనా అనుమానమొస్తే ఈయన టోపీ తీసి, నాలుక బయటపెట్టి, బిచ్చం అడిగేవారు. అట్లా ప్రాణం కాపాడుకున్నారు. దారిలో ఒక గుడిలో చేతిరాత బుద్ధవచనాల పుస్తకాలు 103 కనిపించాయి. ఒక్కొక్కటి పదిహేను సేర్ల బరువుంటుందని అంచనా వేశారు. తోడొచ్చినాయన పనిమీద పక్క ఊళ్ళకు పోతే, ఈయన ఆ పుస్తకాల మధ్యే కూర్చుండిపోయారు.

లాసా దాదాపు 3,650 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి కూడా పలచనే. 1930లో పుస్తకాలు, పటాలు కంచరగాడిదల మీద ఎక్కించుకుని తిరిగొచ్చారు. మళ్ళీ 1934, 1936, 1938లో వెళ్ళారు. శాక్య, ఙోర్, షాలు మఠాల్లో తాటాకు గ్రంథాలు వెతికి కొన్నింటికి ఫొటోలు తీశారు, కొన్ని చేత్తో ఎత్తి రాసుకున్నారు. ఆ చలిలో, ఆ పొడి గాలిలో తాటాకులు వందల ఏళ్ళు చెడకుండా నిలిచాయి.

మనకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడి 'విగ్రహవ్యావర్తని' సంస్కృత ప్రతి 1936లో షాలు మఠంలోనే రాహుల్‌జీకి దొరికింది. మన నేలమీద తిరిగాడని చెప్పుకునే మనిషి మాట, మంచుకొండల అవతల దొరికిందన్నమాట!

చివరి రోజుల్లో అంతటి పండితుడికీ జ్ఞాపకశక్తి పోయింది. 1963 ఏప్రిల్ 14న డార్జిలింగ్‌లో కన్నుమూశారు. మనిషి మరిచిపోయినా రాసిపెట్టింది మాత్రం మిగిలింది. ఆయన తెచ్చినవి పాట్నాలో ఉన్నాయి.

మన తాతలు, అవ్వలు చెప్పే కథలు, పాటలు ఏ తాటాకు మీదా లేవు. వాళ్ళతోపాటే పోతే ఏ మఠంలో వెతుకుతాం? ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కటైనా అడిగి, నోట్‌బుక్‌లో రాసుకుని రండి. ఈ గోడమీద చోటు ఉండనే ఉంది.