గున్‌పే యొకోయి: చౌక సరకుతో ఆటలు సృష్టించిన ఇంజనీరు

2020వ సంవత్సరం మార్చి నెలలో అమెరికాలోని డల్లాస్ నగరంలో జరిగిన ఒక వేలంలో పాత వీడియో గేమ్ యంత్రం ఒకటి 3,60,000 డాలర్లకు అమ్ముడుపోయింది. జపానుకు చెందిన నింటెండో, సోనీ సంస్థలు కలిసి తయారుచేయ సంకల్పించి, పొత్తు చెడి, మధ్యలోనే విడిచిపెట్టిన నమూనా యంత్రమది. ఏనాడూ దుకాణానికి రానిది. అట్లే ఒకప్పుడు ఆటలు వ్రాసే ఇంజనీర్ల బల్లలపై పనిచేసి మూలపడిన యంత్రాలను కూడ నేడు పాత వస్తువుల ప్రియులు వెదకి వెదకి కొనుచున్నారు. ఈ సంగతి తెలిసినప్పుడు, అదే నింటెండో సంస్థలో మూడు దశాబ్దాలు కొలువు చేసిన ఒక ఇంజనీరు నాకు జ్ఞాపకం వచ్చారు. వస్తువు ధరను పెంచుట కాదు, తగ్గించుటయే ఆయన జీవితకాలపు కృషి. ఆయన పేరు గున్‌పే యొకోయి.

యొకోయి 1941 సెప్టెంబరు 10వ తేదీన క్యోటో నగరంలో జన్మించారు. ఆ నగరంలోనే దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి పట్టా పుచ్చుకున్నారు. క్రైస్తవులు బహు స్వల్పసంఖ్యలో ఉన్న జపాను దేశంలో ఒక క్రైస్తవుడు 1875లో నెలకొల్పిన విద్యాలయమది. మన కళాశాల వంటి విద్యాసంస్థలో చదివేవారికి ఈ విషయం ఆసక్తి కలిగించవచ్చునని చెప్పుచున్నాను. పట్టా చేతికి వచ్చినా పెద్ద కంపెనీల తలుపులు ఆయనకు తెరచుకోలేదు. 1965లో నింటెండోలో చేరారు. ఆ సంస్థ అప్పటికి పేకముక్కల తయారీకి పేరుపొందినది. 1889లో పువ్వుల బొమ్మల జపాను పేకలతో దాని వ్యాపారం మొదలైంది. ఆ ముక్కలు చేసే యంత్రాలకు మరమ్మతులు చూచుట యొకోయి ఉద్యోగం.

పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో ఆయన కర్రముక్కలను కత్తెరవలె అడ్డదిడ్డంగా బిగించి, చాచినకొద్దీ సాగే చేయి ఒకటి చేసుకొని ఆడుకొనుచుండగా సంస్థాధిపతి హిరోషి యమవుచి కంటపడ్డారు. చీవాట్లు తప్పవనుకొన్నారు. కాని ఆ బొమ్మనే అమ్మకానికి తగినట్లు తయారు చేయమని యజమాని ఆజ్ఞాపించారు. 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరిట వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మరమ్మతుల ఉద్యోగి బొమ్మల రూపకర్త అయినాడు. తరువాత వచ్చినవన్నీ విజయాలు కావు. వెలుగును గుర్తించే సౌర ఫలకాలతో చేసిన తుపాకి బొమ్మ బాగా అమ్ముడుపోయింది. అదే ఊపులో 1973లో బౌలింగ్ శాలలను గురి చూచి కాల్చే ఆటశాలలుగా మార్చబూనారు. ఆ ఏడే చమురు సంక్షోభం వచ్చిపడింది. ఆర్డర్లు రద్దై సంస్థ అప్పుల పాలైంది.

యొకోయి ఆలోచనాసరళిని కొంత వివరించవలసి యున్నది. సరికొత్త సాంకేతిక విజ్ఞానం వెంట పరుగెత్తరాదనియు, అందరికీ పాతబడి, గుట్టు మట్లన్నీ తెలిసి, చౌకగా దొరికే దానిని తీసుకొని ఎవరూ ఊహించని మరొక పనికి వాడవలెననియు ఆయన నమ్మకం. ఇది పిసినారితనం కాదు. కొత్త వస్తువు ఖరీదెక్కువ. అది ఎప్పుడు చెడునో చేసినవానికే తెలియదు. పాతది అట్లు కాదు. మన ఇండ్లలో చీర చినిగితే బొంతగా మారుట ఎరుగనివారెవరు?

ఒకనాడు షింకన్‌సెన్ రైలులో ప్రయాణించుచు, పొద్దుపోక చేతి క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుకొనుచున్న ఒక ఉద్యోగిని యొకోయి చూచారు. ఆ రోజులలో క్యాలిక్యులేటర్ల కంపెనీలు పోటీపడి ధరలు దించినందున చిన్న చిన్న ద్రవస్ఫటిక తెరలు కారుచౌక అయినవి. ఆ తెరతో పెద్దవారు కూడ సిగ్గుపడకుండ అరచేతిలో దాచుకొని ఆడుకొనదగిన ఆట చేయరాదా అని ఆయనకు తోచింది. యజమాని కారు డ్రైవరు రానిరోజున యొకోయి స్వయంగా కారు నడపవలసి వచ్చింది. దారి పొడుగునా మౌనమెందుకని ఈ ఊహ చెప్పారు. యమవుచి విన్నట్లే కనబడలేదట. వారం తిరిగేసరికి తెరలు తయారుచేసే షార్ప్ సంస్థ పెద్దలు నింటెండోకు వచ్చి కూర్చున్నారు. 1980లో 'గేమ్ అండ్ వాచ్' వెలువడింది. ఒక తెర, ఒక ఆట, తీరికలో చూచుకొనుటకు గడియారం. దశాబ్దం పైబడిన కాలంలో ఈ వరుసలోనివి నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

1982లో 'డాంకీ కాంగ్' ఆటను మడత పెట్టదగిన ఈ చిన్న యంత్రంలో ఇముడ్చవలసి వచ్చినప్పుడు, ఆటశాలలలో ఉండే నిలువు పిడికి చోటు లేదు. పిడికి బదులు, బొటనవేలితో నాలుగు దిక్కులకు నొక్కుటకు వీలైన కూడిక గుర్తు వంటి మీటను యొకోయి రూపొందించారు. తరువాత వచ్చిన ఆటయంత్రాల పిడులలో దాని వంశం కొనసాగినది.

1989 ఏప్రిల్ 21న 'గేమ్ బాయ్' వచ్చింది. ధర 12,500 యెన్‌లు. తెరలో రంగులు లేవు, వెనుక వెలుగు లేదు. నాలుగు ఛాయలు మాత్రమే. తయారీ ముగింపుకు వచ్చిన దశలో యజమాని దానిని చేత పట్టుకొని, పక్కకు వంచితే బొమ్మ కనబడుట లేదని తిరస్కరించారు. యొకోయి కుంగిపోయారు. చివరకు వేరొక రకం తెర దొరకి గండం గడచింది. పోటీదారులైన అటారీ, సెగా సంస్థలు రంగుల యంత్రాలు తెచ్చి దీనిని ఎగతాళి చేసినవి. కాని వాటికి ఆరు సెల్లులు వేసినా కొద్ది గంటలకే ఆరిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు పెన్సిల్ సెల్లులతో పది గంటలకు మించి ఆడేది. ఎవరి చేతిలోని యంత్రం మిగిలినదో బాలబాలికలే తేల్చిచెప్పారు. తరువాతి రంగుల గేమ్ బాయ్‌తో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. సోవియట్ రష్యాలో 1984లో పుట్టిన 'టెట్రిస్' ఆట దానితోపాటు ఇంటింటికీ చేరింది. తొంబైలలో మన పట్టణాల దుకాణాలలో దొరికిన 'బ్రిక్ గేమ్' బొమ్మలపై ఇటుకలు పేర్చిన మన పిల్లలు కూడ, తెలియకనే, ఆ చౌక తెరల కాలపు వారసులు.

ఇంతటి మేధావి తన సూత్రం ఫలించని చోట తడబడ్డారు. 1995లో వచ్చిన 'వర్చువల్ బాయ్' కళ్లకు ఆనించుకొని లోతును చూపే యంత్రం. ఖర్చు తగ్గించుటకు ఎరుపు దీపాలు మాత్రమే వాడారు. బల్లమీద నిలిపి మెడ వంచి చూడవలెను. కళ్లు అలసెను, తలనొప్పి వచ్చెను. ఎనిమిది లక్షలైనా అమ్ముడుపోకుండానే ఆపివేశారు. 1996 ఆగస్టులో ఆయన సంస్థను విడిచారు. ఓటమి వలననే వెళ్లిపోయారని లోకం చెప్పుకొన్నది. ఆయన దానిని కాదన్నారు. యాభై దాటిన పిదప తన సొంత కొట్టు పెట్టుకొనవలెనన్న కోరిక ఎవరికైనా ఉండవచ్చును గదా! నా మటుకు నాకు ఆయన మాటను శంకింప కారణం కనబడదు.

క్యోటోలో 'కోటో' అను చిన్న సంస్థను స్థాపించి, బందాయి కంపెనీ కొరకు మరొక చేతి యంత్రానికి రూపకల్పన ప్రారంభించారు. అది పూర్తికాక మునుపే, 1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతపు రహదారిపై ఆయన ప్రయాణించుచున్న కారు ఎదుటి లారీని తాకింది. దెబ్బ ఎంతో చూచుటకు కిందికి దిగిన ఆయనను వెనుక నుండి వచ్చిన మరొక కారు ఢీకొన్నది. వయస్సు 56.

ఆయన విడిచివెళ్లిన యంత్రం 'వండర్‌స్వాన్' పేర 1999 మార్చిలో 4,800 యెన్‌లకు అమ్మకానికి వచ్చింది. ఒక్క పెన్సిల్ సెల్లుతో ఇరువది నాలుగు గంటలకు పైగా ఆడేది. దానితో వచ్చిన ఒక గీతల ఆటకు ఆయన పేరు పెట్టారు. 2000లో ఇండ్లలో ఉండే ఔత్సాహికులు కూడ ఆటలు వ్రాసుకొనుటకు 'వండర్‌విచ్' అను పరికరాన్ని విడుదల చేశారు. పెద్ద కంపెనీల గదులలో తాళం వేసి ఉంచే సాధనం ఆ విధంగా సామాన్యుల చేతికి వచ్చింది. అట్లు వ్రాసిన ఆటలలో ఒకటి 2004లో కాట్రిడ్జిగా అచ్చై దుకాణాలకు చేరింది.