జాన్ నేపియరు

క్రీస్తుశకము 1550వ సంవత్సరమున స్కాట్లండు దేశమున, ఎడింబరో నగరసమీపమునగల మెర్కిస్టన్ కోటలో జాన్ నేపియరు జన్మించెను. అతని తండ్రి భూస్వామి. నేపియరు పదుమూడవయేట సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. కాని పట్టము పొందకయే దానిని వీడెను. తన భూముల వ్యవహారములను చూచుకొనుచు, తీరికవేళలను గణితమునకు వినియోగించెను.

ఆ కాలమున ఖగోళశాస్త్రజ్ఞులును నావికులును పెద్దపెద్ద సంఖ్యలను చేతితోనే హెచ్చవేసి, భాగించుకొనవలసియుండెను. నడుమ ఒక్క అంకె తప్పినచో పడిన శ్రమయంతయు వ్యర్థమగుచుండెను. ఈ బాధను తొలగింపవలెనని నేపియరు సంకల్పించెను.

1, 2, 3, 4, 5 అను సంఖ్యలను ఒక వరుసలో వ్రాసి, వానిక్రింద 2, 4, 8, 16, 32 అని వ్రాయుడు. పైవరుస కూడికచేతను, క్రిందివరుస హెచ్చవేతచేతను పెరుగును. 4ను 8చే హెచ్చవేయవలెనన్న, వానిపైనున్న 2ను 3ను కూడిన చాలును, 5 వచ్చును. దానిక్రిందనున్న 32యే లబ్ధము. ఈ సంగతి పూర్వులకును కొంత తెలియును. కాని క్రిందివరుసలో 5, 6, 7 వంటి సంఖ్యలకు చోటు లేదు గదా! అట్టి ఖాళీలు లేకుండ, ఖగోళగణితమున వాడుకలోనున్న జ్యాసంఖ్యలకు నేపియరు పట్టికలను సిద్ధపరచెను. ఇందులకు దాదాపు ఇరువది సంవత్సరములు పట్టెను. 1614లో వానిని లాటిన్ భాషలో ప్రకటించి, ఆ సంఖ్యలకు లాగరిథములని పేరిడెను. మనము వానిని సంవర్గమానములందుము.

లండనులోని గ్రెషామ్ కళాశాలలో రేఖాగణితాచార్యుడగు హెన్రీ బ్రిగ్సు ఆ గ్రంథమును చదివి, 1615 వేసవిలో నేపియరును చూడబోయెను. పట్టికలను పదిపై ఆధారపరచిన మరింత సులభమగునని అతడు సూచించెను. ఇరువదియేండ్ల శ్రమఫలమును మార్చుమనినందులకు నేపియరు నొచ్చుకొనలేదు. పైగా, ఒకటికి సంవర్గమానము సున్న కావలెనని తానే ఆ సూచనను మెరుగుపరచెను. ఆరోగ్యము క్షీణించియుండుటచే క్రొత్త పట్టికల పనిని బ్రిగ్సునకు వదలెను. 1617 ఏప్రిల్ 4వ తేదీన నేపియరు మరణించెను. బ్రిగ్సు ఆ పనిని విడువక, 1624 నాటికి ముప్పదివేల సంఖ్యలకు పదునాలుగు దశాంశస్థానములవరకు సంవర్గమానములను గణించి ప్రకటించెను.

పైన వ్రాసిన రెండు వరుసలను గళ్ళకాగితముపై బిందువులుగా గుర్తించి కలిపిచూడుడు. మొదటివరుసను అడ్డముగను, రెండవదానిని నిలువుగను గొనిన, రానురాను నిటారుగ లేచు వక్రరేఖ యేర్పడును. అది ఘాతవక్రము. వరుసలను తారుమారు చేసిన, మొదట వడిగ లేచి పిమ్మట మెల్లమెల్లగ సాగు వక్రరేఖ వచ్చును. అది సంవర్గమానవక్రము. ఈ రెండును అద్దమునందలి ప్రతిబింబమువలె ఒకదానికొకటి సరిపోవును.

గణనయంత్రములు వచ్చిన పిదప పట్టికల వాడుక తగ్గినది. కాని భూకంపముల తీవ్రతను కొలుచుటకు నేటికిని సంవర్గమానములే ఆధారము. తన పనికన్న మేలైనది కనబడినపుడు దానిని సంతోషముతో అంగీకరించుట నేపియరు జీవితము మనకు నేర్పు పాఠము.