ఆడించడం నేర్చిన మాస్టారు: సయ్యద్ అబ్దుల్ రహీమ్



మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ క్యాంపస్‌లో పేరెంట్స్ మీటింగ్ పెట్టినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. పరీక్షలు దగ్గర పడ్డాయి, పీటీ పీరియడ్ కూడా లెక్కలకే ఇస్తే బాగుంటుంది కదా అని. ఫీజు కట్టి పంపే మీ ఆదుర్దా మాకు తెలుసు. దానికి జవాబు చెప్పే ముందు ఒక బడి మాస్టారి గురించి చదవండి. ‘మైదాన్’ సినిమా చూసినవారికి ఆయన పేరు గుర్తుండే ఉంటుంది.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత కమర్ క్లబ్‌కు ఆడారు. డిగ్రీ పూర్తయ్యాక కాచిగూడలో బడి టీచరుగా చేరారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. ఆటగాడిగా ఆయన పేరు ఊరు దాటలేదు. ఆడించడం మొదలుపెట్టాక దేశం దాటింది.

ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు రోవర్స్ కప్ తెచ్చింది.

ఆయన శిక్షణలో బడి మాస్టారే కనిపిస్తారు. కుడికాలితో బాగా తన్నేవాళ్లను ఎడమకాలితోనే ఆడమని పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కరే తీసుకుపోకుండా, వెంటనే తోటివాడికి అందించాలనే నియమంతో ఇంకొన్ని పోటీలు. వచ్చిన లెక్కలే మళ్లీ మళ్లీ చేసే పిల్లవాణ్ణి రాని లెక్క దగ్గర కూర్చోబెట్టినట్టే ఇది.

సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంలో ప్రతిభను ఆయన ముందే గుర్తించారు. రోజూ శిక్షణకు వచ్చే స్తోమత ఆ ఇంట్లో లేదు. సైకిల్ అద్దెకు రహీమ్ సాబే డబ్బులిచ్చేవారని బలరాం తర్వాత చెప్పుకున్నారు. ఆ కుర్రాడే ఒలింపిక్స్‌లో దేశం తరఫున గోల్స్ కొట్టాడు.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీమ్ జట్టు బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. అప్పటికి మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడేవారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికి రహీమ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టుకుంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. తల అడ్డుపెట్టి బంతి ఆపాల్సిన డిఫెండర్‌కు అది పెద్ద ఇబ్బంది. రహీమ్ అతణ్ణి ఇంట్లో కూర్చోబెట్టలేదు, ముందువరసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురైంది. స్టేడియంలో దాదాపు లక్షమంది, ఎక్కువ కేకలు మనకు వ్యతిరేకంగానే. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో బంగారం మనదైంది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారం రాలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. ప్రతి పిల్లవాడూ ఆటగాడు కావాలని మేము అనం. ఓడిన జట్టుతోనే మళ్లీ ఆడడం, రానిదాన్ని పదిమంది ముందు ప్రయత్నించడం, బంతిని పక్కవాడికి ఇవ్వడం మైదానంలోనే అలవడతాయి. అందుకే ఆ పీరియడ్‌ను అలాగే ఉంచనివ్వండి.

ఈ ఆదివారం మీ పాపతోనో బాబుతోనో కాసేపు బంతి ఆడండి. ఇద్దరూ ఎడమకాలితోనే తన్నాలి. మొదట మీకూ రాదు. అది పిల్లలు చూడనివ్వండి.