వెలుగును మెత్తబరచిన సుబ్రత మిత్ర

సినిమా చూసి వచ్చాక మనం హీరో గురించి, పాటల గురించి మాట్లాడుకుంటాం. బొమ్మ మీద పడిన వెలుగు గురించి ఎవరమూ మాట్లాడం. కానీ వెలుగు కుదరకపోతే ఎంత గొప్ప నటన అయినా తెర మీద పండదు. ఆ వెలుగు కోసమే జీవితాన్ని ధారపోసిన ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర.

ఆయన 1930 అక్టోబర్ 12న కలకత్తాలో జన్మించారు. సైన్సు చదివే రోజుల్లోనే కెమెరామన్ కావాలనుకున్నారు. ఫ్రెంచి దర్శకుడు రెన్వార్ 'ది రివర్' సినిమా తీయడానికి బెంగాల్ వచ్చినప్పుడు వెళ్ళి పని అడిగారు. దొరకలేదు. షూటింగ్ చూడడానికి మాత్రం అనుమతి దొరికింది. ఆయన ఊరికే చూస్తూ నిలబడలేదు. ఏ దీపం ఎక్కడ పెట్టారో, కెమెరా ఎక్కడ ఉందో, నటులు ఎటు కదిలారో బొమ్మలు గీసి రాసుకున్నారు. ఆ నోటుపుస్తకమే ఆయన బడి.

1952లో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' మొదలుపెడుతూ ఈ కుర్రవాడికే కెమెరా అప్పగించారు. అంతకుముందు ఆయన సినిమా కెమెరా నడిపి ఎరుగరు. డబ్బు లేక ఎన్నోసార్లు ఆగిన ఆ చిత్రం 1955లో విడుదలై ప్రపంచ ఖ్యాతి పొందింది.

మరుసటి ఏడాది వచ్చిన 'అపరాజితో'లో అసలు పరీక్ష ఎదురైంది. కథలో కొంత భాగం కాశీలోని ఒక పాత ఇంట్లో జరుగుతుంది. అలాంటి ఇళ్ళలో నడిమి వాకిట్లోకి ఆకాశం నుంచి మెత్తని వెలుగు దిగుతుంది, గట్టి నీడలు ఉండవు. కానీ వానల భయంతో ఆ ఇంటిని స్టూడియోలో సెట్ వేయాల్సి వచ్చింది. దీపాలు నేరుగా వేస్తే ఒక్కో మనిషికి రెండు మూడు నీడలు పడి దొంగతనం బయటపడుతుంది. అందుకని మిత్ర సెట్ పైన తెల్లబట్ట కట్టించి, దీపాలను దాని మీదికి తిప్పారు. బట్టకు తగిలి కిందికి పరచుకున్న వెలుగు అచ్చం పగటి వెలుగులా కనిపించింది. మబ్బు పట్టిన రోజు మన హాస్టల్ ఆవరణలో నీడలు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. దీన్నే బౌన్స్ లైటింగ్ అంటారు. ఈ పద్ధతిని తొలిసారిగా వాడినవారిలో ఆయన ఒకరు.

తర్వాత 'జల్సాఘర్', 'చారులత', 'నాయక్' వంటి చిత్రాలు చేశారు. కంటి జబ్బు బాధించినా పని వదలలేదు. 'న్యూఢిల్లీ టైమ్స్' చిత్రానికి జాతీయ అవార్డు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. చివరి సంవత్సరాల్లో కలకత్తాలోని సత్యజిత్ రాయ్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. 2001 డిసెంబర్ 7న కన్నుమూశారు.

మిత్రులారా! పని ఇవ్వకపోయినా, చూసే అవకాశాన్ని ఆయన వదులుకోలేదు. మన ఇళ్ళలో దారి చూపడానికి ముందు చదివినవారు లేకపోవచ్చు. కళ్ళు తెరిచి చూసి, చూసింది రాసుకోవడానికి మాత్రం ఎవరి సిఫారసూ అక్కర్లేదు.