నిగ్రహమే పథ్యం

ధర్మాన్ని ఆచరించడానికి తొలి సాధనం దేహమేనని మన పెద్దలు నిర్ణయించారు. దేహం దుర్బలమైతే జపమూ సాగదు, సేవా సాగదు. అయితే దేహాన్ని సంరక్షించుకోవడం వేరు, దానికి దాసుడు కావడం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని గీతను జీవితాంతం అన్వేషించిన మహనీయుడు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఆయనను జాతిపితగా ఎరుగనివారు లేరు. ఆరోగ్యసాధకునిగా ఎరిగినవారు మాత్రం తక్కువ.

1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో జన్మించిన మోహన్‌దాస్ చిన్ననాడు మహా పిరికివాడు. దొంగలన్నా, దయ్యాలన్నా, పాములన్నా భయం. దీపం లేనిదే నిద్రపట్టేది కాదు. ఇంట్లో పనిచేసే రంభ అనే సాధ్వి ఆ భయానికి రామనామాన్ని మందుగా ఉపదేశించింది. తల్లి పుత్లీబాయి వ్రతనిష్ఠ కలిగిన ఇల్లాలు. ఒక చాతుర్మాస్యంలో సూర్యదర్శనం కానిదే భోజనం చేయనని నియమం పట్టింది. పిల్లలు ఆకాశం వంక చూస్తూ నిలబడి, సూర్యుడు కనిపించగానే పరుగున వెళ్ళి చెప్పేవారు. ఆమె వాకిట్లోకి వచ్చేసరికి మబ్బు కమ్మేసేది. ఆమె నొచ్చుకోకుండా తిరిగి పనిలో నిమగ్నమయ్యేది. నిగ్రహమంటే ఏమిటో ఆ బాలుడు నేర్చుకున్నది అక్కడే.

పాఠశాలలో వ్యాయామాన్ని, క్రికెట్‌ను తప్పనిసరి చేసినా మోహన్‌దాస్‌కు అవి రుచించలేదు. స్వభావసిద్ధమైన బిడియం ఒక కారణం, త్వరగా ఇల్లు చేరి తండ్రికి సేవ చేయాలన్న ఆరాటం మరొక కారణం. చదువుతో పాటు వ్యాయామమూ అవసరమేనని ఆయన తరువాతి కాలంలో గ్రహించారు. ఆరుబయట నడక మేలు చేస్తుందని చదివి, దానిని మాత్రం అప్పుడే అలవరచుకున్నారు.

మాంసం తింటేనే బలం కలుగుతుందని ఒక మిత్రుడు నూరిపోయగా, వైష్ణవ కుటుంబంలో పుట్టిన ఆ బాలుడు చాటుగా మేకమాంసం తిన్నాడు. ఆ రాత్రి కడుపులో మేకపిల్ల అరుస్తున్నట్లు పీడకలలు వచ్చాయి. కొంతకాలం సాగిన ఆ రహస్యాన్ని, తల్లిదండ్రులతో అబద్ధమాడలేక విడిచిపెట్టారు. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ బయలుదేరే ముందు మద్యమాంసాలను, పరస్త్రీని తాకనని తల్లికి ప్రమాణం చేశారు. ఆ మాట కోసం పరాయి దేశంలో అర్ధాకలితో రోజులు గడిపారు. శాకాహార భోజనశాలను వెదుకుతూ వీధులన్నీ తిరిగారు. బండి కిరాయి మిగుల్చుకుంటూ రోజుకు ఎనిమిది, పది మైళ్ళు నడిచారు. అక్కడ తాను జబ్బు పడకుండా, దృఢంగా ఉండడానికి ఆ నడకే కారణమని ఆయన నమ్మకం.

కఠిన పరీక్ష 1902లో బొంబాయిలో ఎదురైంది. పదేళ్ళ కుమారుడు మణిలాల్‌కు టైఫాయిడ్, దానితో పాటు న్యుమోనియా సోకాయి. గుడ్లు, కోడి రసం ఇవ్వాలని వైద్యుడు సూచించాడు. గాంధీజీ అంగీకరించలేదు. తొట్టి స్నానాలు చేయిస్తూ, నారింజ రసం పట్టించారు. జ్వరం 104 డిగ్రీలకు చేరింది. బాలుడు రాత్రివేళ కలవరించసాగాడు. బిడ్డ ప్రాణంతో పందెం వేస్తున్నానా అన్న సందేహం తండ్రిని దహించింది. చివరకు తడిపి పిండిన దుప్పటి చుట్టి, పైన కంబళ్ళు కప్పి, తల్లికి అప్పగించి, రామనామం జపిస్తూ చౌపాటీ వైపు నడిచారు. గుండె దడదడలాడుతుండగా తిరిగి వచ్చేసరికి బాలుని నుదుట చెమట పోసింది, జ్వరం దిగనారంభించింది. అది దైవకృపో, జలచికిత్స ఫలమో, పథ్యం మహిమో ఎవరు చెప్పగలరని తలచి, ఆయన ఆ కీర్తిని భగవంతునికే అర్పించారు. ఆ వ్యాధికి నాడు సరైన ఔషధం లేదు. నేడు ఉంది. కనుక మనం గ్రహించవలసింది ఆ తండ్రి జాగరూకతను, భక్తిని. వైద్యాన్ని కాదనడం మనకు ఆదర్శం కారాదు.

తన శరీరం ఇనుములాంటిదని భావించిన గాంధీజీకి 1918లో మరొక పాఠం లభించింది. ఖేడా జిల్లాలో ఊరూరా నడుస్తూ, వేరుశనగ ముద్ద, నిమ్మపండ్లతో కాలం గడుపుతున్న రోజులవి. స్వల్పంగా విరేచనాలు పట్టుకోగా ఉపవాసమున్నారు. అంతలో పండుగ వచ్చింది. కస్తూరిబా వండిన తీపి గోధుమజావ, పెసలు చూచి మనసు చలించింది. కొంచెమే అనుకుని కడుపునిండా తిన్నారు. గంట తిరగకముందే వ్యాధి విజృంభించింది. మరణం తప్పదనుకున్నారు. ఆశ్రమవాసులు గీతాపారాయణ వినిపించారు. పాలు తాగనని 1912లో వ్రతం పట్టిన ఆయన, చివరకు కస్తూరిబా సూచనపై మేకపాలు స్వీకరించారు. వ్రతంలోని అక్షరం నిలిచినా ఆత్మ నిలవలేదన్న బాధ ఆయనను వీడలేదు.

తన పట్టుదలకు సైతం హద్దు ఉండాలని ఆయన గ్రహించారు. 1924 జనవరిలో అపెండిసైటిస్ వచ్చినపుడు పుణెలోని సాసూన్ ఆసుపత్రిలో ఆంగ్లేయ వైద్యుని చేత శస్త్రచికిత్సకు సమ్మతించారు. ఆరేళ్ళ తరువాత, అరవై దాటిన వయసులో, సబర్మతి నుంచి దండి వరకు సుమారు 240 మైళ్ళు నడిచారు.

1942 ఆగస్టులో ఆగాఖాన్ భవనంలో బందీగా ఉండగా, కుడిభుజం వంటి మహాదేవ దేశాయి 15వ తేదీన కన్నుమూశారు. ఆ దుఃఖంలోనే గాంధీజీ 28న ఆరోగ్యంపై గ్రంథరచన ప్రారంభించి డిసెంబరు 18న ముగించారు. పృథివి, జలం, ఆకాశం, తేజస్సు, వాయువులనే పంచభూతాల సాయంతో దేహాన్ని ఎలా కాపాడుకోవాలో అందులో వివరించారు. 1946లో పుణె సమీపంలోని ఉరుళీకాంచన్ గ్రామంలో పేదలకు ప్రకృతి చికిత్స అందించే కేంద్రానికి శ్రీకారం చుట్టారు. 1948 జనవరి 30న ఆయన దేహయాత్ర ముగిసింది.

ఏకాదశి ఉపవాసాలు మన ఇళ్ళకు కొత్త కావు. ఉపవాసమున్న నాడు మనసు సహజంగానే అదుపులో ఉంటుంది. అసలు పరీక్ష మరునాటి విస్తరి ముందు మొదలవుతుంది. అంతటి మహాత్ముడే పండుగనాటి పిండివంట ముందు ఓడి, ఆ ఓటమిని దాచుకోకుండా లోకానికి చెప్పాడు. విస్తరి ముందు కూర్చున్నపుడు ఒక్క క్షణం ఇష్టదైవాన్ని స్మరించి, ఆకలికి ఎంత, జిహ్వకు ఎంత అని విచారించుకోవడం అందరికీ సాధ్యమైన వ్రతం. ఆ వ్రతానికి ఉద్యాపన లేదు.