గొలుసుల వంతెన కట్టిన టెల్ఫర్డు

థామస్ టెల్ఫర్డు 1757వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి ఎస్క్‌డేల్ లోయలో ఒక గొఱ్ఱెల కాపరి యింట జన్మించెను. పసికందుగా నుండగనే తండ్రి గతించెను. బాలుడు గొఱ్ఱెలను కాచి, పిమ్మట రాతిపని నేర్చి, స్వయంకృషిచే చదువుకొని, బాటలు, కాలువలు, వంతెనలు నిర్మించుటలో బ్రిటనున అగ్రగణ్యుడయ్యెను.

లండనునుండి ఐర్లండునకు పోవు బాటకు వేల్సు తీరమున మెనై జలసంధి అడ్డము. ఓడల కొయ్యలు తగులకుండ వంతెన నీటికి నూఱడుగుల యెత్తున నుండవలెను. నడుమ స్తంభము పనికిరాదు. కావున టెల్ఫర్డు రెండు రాతిగోపురముల నడుమ ఇనుప గొలుసులను వ్రేలాడదీసి, వానినుండి బాటను వ్రేలగట్ట నిశ్చయించెను. పని 1819లో మొదలయ్యెను. గోపురముల నడిమి దూరము 579 అడుగులు.

చిక్కంతయు గొలుసు బిగువులో నున్నది. బట్టలారవేయు దండెమును జూడుడు. వదులుగా కట్టిన దండెము తడిబట్టలను సులువుగా మోయును. బిగలాగి కట్టినచో అవే బట్టలకు పుటుక్కున తెగును. బరువును పైకి పట్టునది త్రాటి వాలు. వాలు తగ్గినకొలది బిగువు పెరుగును. గొలుసునకు సొంత బరువు గలదు గనుక దాని బిగువు అంతటను ఒక్కతీరుగ నుండదు. నడుమ తక్కువ, గోపురముల కడ హెచ్చు. గోపురము కడ గొలుసు తన దిగువనున్న భాగమునంతటిని మోయవలెను గదా! నడిమి బిగువు తెలియవలెనన్న, మొత్తము బరువును గోపురముల నడిమి దూరముచే గుణించి, గొలుసు దిగిన లోతునకు ఎనిమిదింతలచే భాగించిన దాదాపుగా సరిపోవును.

టెల్ఫర్డునకు లెక్కలకంటె పరీక్షలయందే నమ్మకము మెండు. రంకార్న్ వద్ద వంతెన తలపెట్టినపుడే ఇనుమును లాగి చూచి ఇన్నూరుకు మించిన పరీక్షలు జరిపియుండెను. ఐనను డేవీస్ గిల్బర్టు అను గణితజ్ఞుడు లెక్కకట్టి గొలుసుల లోతు చాలదని తెలుపగా, పెడచెవిని పెట్టక పెంచెను. తుదకది 43 అడుగులయ్యెను. అందుచే నడిమి బిగువు బరువునకు ఒకటిముప్పాతిక రెట్లకు లోబడెను. లోతు 20 అడుగులే యైనచో మూడున్నర రెట్లు మించియుండెడిది!

1825 ఏప్రిల్ 26న మొదటి గొలుసు నడిమి భాగమును తెప్పపై తెచ్చిరి. దాని బరువు ఇరువదిమూడున్నర టన్నులు. నూటయేబదిమంది పనివారు పిల్లనగ్రోవుల పాటకు అడుగులు వేయుచు, మోకులు చుట్టు దిమ్మెలను త్రిప్పి పైకెత్తిరి. ఆ దినములలో ఆందోళనచే తనకు నిద్ర పట్టలేదని టెల్ఫర్డు తరువాత స్నేహితునితో చెప్పుకొనెను.

పదునాఱు గొలుసులును ఎక్కినవి. 1826 జనవరి 30న వంతెన తెఱవబడెను. టెల్ఫర్డు 1834లో మరణించెను. 1839 నాటి పెనుగాలికి బాట విఱిగెను గాని గొలుసులు తెగలేదు. 1938లో మొదలిడిన మరమ్మతులలోనే వానిని తొలగించి ఉక్కు గొలుసులను అమర్చిరి.